ఏడు వాకిళ్లు

గగన్‌పహాడ్‌లోని సీసం కార్ఖానా మూతపడి అప్పటికి ఎనిమిదేళ్లయింది. పాత బ్యాటరీలను పగలగొట్టి, లోపలి సీసాన్ని బట్టీలో కరిగించి దిమ్మెలు పోసేవారక్కడ. మొగులయ్య ఆ బట్టీ దగ్గర పదహారేళ్లు పనిచేశాడు. మూతపడ్డాక అదే గేటుకు వాచ్‌మన్ అయ్యాడు. కాపలా కాయడానికి లోపల పెద్దగా ఏమీ లేదు. తుప్పుపట్టిన రేకుల షెడ్డు, సగం కూలిన పొగగొట్టం, వానాకాలంలో కూడా గడ్డి మొలవని నాలుగెకరాల నేల. పొద్దున సాతంరాయి నుంచి టీవీఎస్ మీద వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు, సాయంత్రం ఇంటికి పోయేవాడు. కుడిచేతి మణికట్టు కొన్నేళ్లుగా వాలిపోయి ఉంటోంది. చాయ్ గ్లాసు ఎడమచేత్తో పట్టుకోవడం అలవాటైంది. యాభై ఎనిమిదేళ్లు, వయసు మీద పడిందని సరిపెట్టుకున్నాడు.

2012 జనవరిలో ఆ నేలను ఒక బిల్డరు కొన్నాడు. విమానాశ్రయం వచ్చి నాలుగేళ్లు కావస్తోంది. హైవే పొడుగునా కొత్త గోడలు, బోర్డులు లేస్తున్నాయి. అయితే ఇక్కడ అపార్ట్‌మెంట్లు కట్టాలంటే ముందు మట్టిని శుభ్రం చేయాలని అధికారులు షరతు పెట్టారు. ఆ పని చూడటానికి మాధవీలత వచ్చింది. కాకినాడ వైపు మనిషి, మట్టి పరీక్షలు చేసే ఇంజనీరు. ముప్పై దాటి రెండు మూడేళ్లు ఉంటాయి. వచ్చిన రోజే ఆమె మొగులయ్యను స్టూలు మీద నుంచి లేపి వెంట తిప్పుకుంది.

"ఇక్కడ పనిచేసినవాళ్లు మీరొక్కరే దొరికారండీ. బ్యాటరీలు ఎక్కడ పగలగొట్టేవారు? యాసిడ్ ఎటు వదిలేవారు? మీకు గుర్తున్నట్టు చెప్పండి చాలు."

అతను చెప్పాడు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు గనక అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. యాసిడ్ పారిన కాలువ, బట్టీ నోరు, దిమ్మెలు చల్లార్చిన తొట్టి. అతను చూపించిన చోటల్లా ఆమె చిన్న జెండా పాతింది. ఆమె చేతిలో తుపాకీ ఆకారంలో ఒక యంత్రం ఉంది. దాన్ని నేలకు ఆనించి మీట నొక్కితే మట్టిలో సీసం ఎంత ఉందో అంకె పడుతుంది. ఇళ్లున్న చోట నాలుగు వందలు దాటకూడదని చెప్పింది. కాలువ దగ్గర ఆరు వేలు చూపించింది.

షెడ్డు వెనక గోడవార కొన్ని నల్లటి గడ్డలు పడి ఉన్నాయి. ఆమె వంగి యంత్రం ఆనించింది. ఇరవై ఎనిమిది వేలు.

"ఇవేంటండీ?"

"బట్టీ అడుగున మిగిలేటి గడ్డలు మేడం. సీసం తీసినంక ఇగ అది దేనికీ పనికిరాదు."

"అన్నిటికన్నా ఇదే ఎక్కువ." ఆమె చుట్టూ చూసింది. "ఇన్నేళ్లు నడిచిన బట్టీకి ఇక్కడో గుట్ట ఉండాలి కదా. నాలుగు గడ్డలే ఉన్నాయేంటి?"

"పోయింది మేడం."

"ఎక్కడికి?"

గేటు దగ్గర ఎవరో పిలిచినట్టు మొగులయ్య అటు నడిచాడు. ఎవరూ పిలవలేదు.

ఆ గడ్డలు ఎక్కడికి పోయాయో అతనికి తెలుసు. పద్నాలుగేళ్ల కింద, వానలు దంచికొట్టిన ఏడాది, సాతంరాయిలో అతని వాడంతా పల్లంలో ఉండటంతో వాకిళ్లలోకి మోకాలిలోతు నీళ్లొచ్చాయి. మట్టి పోసి ఎత్తు చేసుకుందామంటే మట్టి దొరకలేదు. అప్పుడు మొగులయ్య కార్ఖానా మేనేజరును అడిగాడు. గుట్ట అడ్డంగా ఉంది, తీసుకుపోతే తీసుకుపో అన్నాడు మేనేజరు. మొగులయ్య ట్రాక్టరు మాట్లాడి, తనే ఎక్కించి, తనే దింపాడు. ఏడు వాకిళ్లకు ఏడు ట్రాక్టర్లు. నల్లగడ్డలు పరిచి, పైన పలచగా మట్టి చల్లితే రాయిలా గట్టిపడింది. మళ్లీ నీళ్లు నిలవలేదు. మొగులన్న పుణ్యమా అని కాళ్లు తడవట్లేదని వాడలో చాలాకాలం చెప్పుకున్నారు. మిగిలిన గుట్టను తర్వాత ఎవరెవరో రోడ్ల కిందకు తోలుకుపోయారు. కానీ ఆ ఏడు వాకిళ్లు మాత్రం తన చేతి పని.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ స్వరాజ్యం వాకిలి ముందు టీవీఎస్ ఆపాడు. స్వరాజ్యం రాజయ్య భార్య. రాజయ్య బట్టీ దగ్గర అతని పక్కనే నిలబడి పనిచేసి, కార్ఖానా మూతపడ్డ మరుసటేడు కిడ్నీలు చెడి చనిపోయాడు. కూతురు, అల్లుడు విమానాశ్రయంలో హౌస్‌కీపింగ్ పనికి పోతే, నాలుగేళ్ల మనవరాలు మంజులను స్వరాజ్యమే చూసుకుంటోంది. ఆ పిల్ల వాకిట్లో కూర్చుని నేలను గోరుతో గీకి వేలు నోట్లో పెట్టుకుంటోంది.

"మన్ను తింటుందా చెల్లే?" అని అడిగాడు.

"ఎంత కొట్టినా ఇడుస్తలేదన్నా. కడుపునొస్తుందని ఏడుస్తది, మళ్ల గదే తింటది. మాట గుడ సక్కగ వస్తలేదు. ఒక్కొక్కరికి ఆలిశమైతది గదా అని ఊకున్న."

మొగులయ్య పిల్లను ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టాడు. పిల్ల వేళ్లు తన చొక్కాకు తుడిచాడు. ఆ తర్వాత చొక్కా వైపు చూసుకున్నాడు. అది కూడా పొద్దంతా కార్ఖానాలో తిరిగిన చొక్కానే.

ఇంట్లో లింగమ్మ అన్నం పెడితే కంచం పక్కకు జరిపాడు. భార్యకు అంతా చెప్పాడు. ఆమె కంచం మీద మూత పెట్టింది.

"మనకు తెల్వక పోసినం," అంది.

"తెల్వకనే పోసిన. ఇప్పుడు తెలిసింది గదా."

మర్నాడు మాధవీలతకు చెప్పాడు. ఆమె కోప్పడుతుందేమో అనుకున్నాడు. ఆమె కాగితం తీసి ఏడు ఇళ్లూ ఎక్కడెక్కడ ఉన్నాయో గీయమంది. అంతా విన్నాక, "ఒప్పందం ప్రకారం మా పని ప్రహరీ గోడ లోపలి వరకేనండీ. గోడ బయట మట్టిని మేం ముట్టుకోవడానికి లేదు," అని ఆ కాగితాన్ని మడిచి దాచుకుంది. "ఆదివారం నాకు సెలవు. యంత్రం నా దగ్గరే ఉంటుంది."

ఆదివారం ఆమె స్వరాజ్యం వాకిట్లో పది చోట్ల చూసింది. ఎక్కడా ఐదు వేలకు తగ్గలేదు. పిల్ల కూర్చునే మూల పదకొండు వేలు. పట్నంలో పరీక్ష చేసే చోటు పేరు రాసిచ్చి, పిల్ల రక్తంలో సీసం ఎంతుందో చూపించమంది. వారం తర్వాత ఫలితం వచ్చింది. పది దాటకూడదట. మంజులకు నలభై ఒకటి. దవాఖానలో డాక్టరు ఐరన్ సిరప్ రాసి, పాలు, గుడ్లు బాగా పెట్టమని చెప్పి, ఒక మాట గట్టిగా అన్నాడట. ఆ మట్టిలోంచి పిల్లను తీయండి, లేకపోతే పిల్ల దగ్గర్నుంచి ఆ మట్టిని తీయండి, మందులు ఆ తర్వాత అని.

"యాడికి తీస్కపోవాలన్నా దీన్ని?" అంది స్వరాజ్యం. ఏడవలేదు. ఆ కాగితాన్ని మడతపెట్టి కొంగున ముడేసుకుంది. "ఉన్న ఒక్క ఇల్లు గిదే."

మొగులయ్య తలొంచుకుని, "మట్టినే తీస్త చెల్లే," అన్నాడు.

మట్టిని తీయడం పెద్ద పని కాదు, దాన్ని ఎక్కడ వేయాలన్నదే చిక్కు. ఒక వాకిట్లోంచి తీసి ఇంకో గుంటలో పోస్తే చేసిన తప్పే మళ్లీ చేసినట్టు. కార్ఖానా మట్టి మాత్రం టిప్పర్లలో, పైన టార్పాలిన్ కప్పుకుని, ఊరికి ఆ చివరన ఇలాంటి వ్యర్థాలను పూడ్చే యార్డుకు పోతోంది. వాకిళ్ల మట్టి కూడా దాంతో కలిసి పోవాలి. టిప్పర్లు ఎక్కించే కాంట్రాక్టరు దగ్గర తుక్కుగూడకు చెందిన శేఖర్ సూపర్‌వైజరు. అతన్ని అడిగితే చేతులు జోడించాడు.

"బయటి మట్టి లోపలికొచ్చిందని తెలిస్తే నా నౌకరి పోతది కాకా. నన్ను పరేషాన్ చెయ్యకు."

మాధవీలత బిల్డరుకు ఉత్తరం రాసింది. ఈ గడ్డలు ఈ కార్ఖానావే, ఏ వాకిట్లో ఉన్నా ఈ కార్ఖానా వ్యర్థమే అని. మూడు వారాలు జవాబు లేదు. ఆమె మళ్లీ రాసింది, రెండుసార్లు ఆఫీసుకు పోయి కూర్చుంది. మార్చి మధ్యలో ఒప్పుకున్నారు. మే ఆఖరు వరకు, అంటే టిప్పర్లు తిరిగినన్నాళ్లు వాకిళ్ల మట్టి తెచ్చుకోవచ్చు. తవ్వడం, సంచుల్లో నింపడం వాడవాళ్ల పనే. పేపర్లో ఒక్క ముక్క రాకూడదు. వానలు మొదలైతే గేటు మూసేస్తారు.

"ఇంతకన్నా చేయలేకపోయానండీ," అంది మాధవీలత.

"గింత ఎవరు చేస్తరు మేడం," అన్నాడు మొగులయ్య.

ఏడు వాకిళ్లలో రెండు అప్పటికే అమ్ముడుపోయి, వాటి మీద బంగళాలు లేచాయి. ఒక ఇల్లు తాళం వేసి ఉంది, వాళ్లు రాజేంద్రనగర్ దిక్కు వెళ్లిపోయారు, ఫోను నంబరు ఎవరి దగ్గరా లేదు. మిగిలినవి నాలుగు. స్వరాజ్యంది, సక్కుబాయిది, పోచమ్మది, తనది. సక్కుబాయి విన్న వెంటనే సరేనంది. పోచమ్మ మాత్రం అతన్ని గడప దాటి లోపలికి రానివ్వలేదు. ఆమె ఇల్లు, వెనక పావెకరం కొనడానికి ఎవరో శంషాబాద్ మనిషి తిరుగుతున్నాడు.

"నువ్వే పోస్తివి, నువ్వే ఇషమంటివి," అంది పోచమ్మ. "గా దినం నేనడిగిన్నా నిన్ను? ఇప్పుడు గిట్ల వాడంత తిరిగి చెప్తే మా జాగ ఎవడు కొంటడు? నా నోటికాడిది తియ్యకు మొగులయ్యా."

"కొనకపోయినా ఉండేది మీరే గదా వదినా."

"పో ఇగ."

అతను వచ్చేశాడు. ఆమె అన్నదాంట్లో మొదటి సగం నిజమే.

ఏప్రిల్ మొదటి రోజు స్వరాజ్యం వాకిట్లో గడ్డపార దించాడు. ఎలా చేయాలో మాధవీలత చెప్పింది. ముందు నీళ్లు చల్లాలి, దుమ్ము లేవకూడదు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలి. పిల్లను పక్కింట్లో ఉంచాలి. తవ్వేటప్పుడు వేసుకున్న బట్టలు విడిగా ఉతకాలి. సిమెంటు సంచి లోపల ఇంకో ప్లాస్టిక్ సంచి పెట్టి మూతి కట్టాలి. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి తొమ్మిది దాకా తవ్వి, ఆ తర్వాత డ్యూటీకి పోయేవాడు. పద్నాలుగేళ్లు జనం తొక్కిన నేల అది. గడ్డపార కొడితే రాయి మీద పడ్డట్టు మోగేది. కుడిచెయ్యి పట్టు చాలక గడ్డపార పక్కకు జారేది. నాలుగో రోజు లింగమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"చెయ్యి లేస్తలేదు, గడ్డపార ఎట్ల లేస్తది? ఇటియ్యి."

"నీకెందుకే ఇది? నేను పోసిన, నేను తీస్త."

"ట్రాక్టరోనికి ఏడు దినాలు వండిపెట్టింది నేనే గదా," అని ఆమె గడ్డపార లాక్కుంది.

ఆనాటి నుంచి ఆమె తవ్వేది, అతను పారతో ఎత్తి సంచులు నింపేవాడు, స్వరాజ్యం మూతులు కట్టేది. శేఖర్ ముందు ఒప్పుకోకపోయినా, బిల్డరు కాగితం చూశాక రెండ్రోజులకోసారి కంపెనీ ట్రాలీ ఆటో పంపాడు. ఒక్కో వాకిటికి నూటనలభై, నూటయాభై సంచులయ్యాయి. అవి కార్ఖానా గుట్టలో కలిసేటప్పుడు మొగులయ్య గేటు దగ్గర లేచి నిలబడేవాడు. కలిశాక మళ్లీ కూర్చునేవాడు. సంతోషమేమీ కలగలేదు. నడుము నొప్పి తెలిసేది, అంతే.

మధ్యలో లింగమ్మ అతన్ని కూడా పరీక్షకు లాక్కుపోయింది. డాక్టరు అతని మణికట్టు పైకి లేపి వదిలాడు. అది వాలిపోయింది. ఇన్నాళ్ల సీసం ఎముకల్లోకి పోయి ఉంటుందని, అది అంత తేలిగ్గా బయటికి రాదని, ఇక ఆ పని దగ్గరికి పోకూడదని చెప్పాడు. మొగులయ్య సరేనని తలూపి, మర్నాడు ఐదింటికి సక్కుబాయి వాకిట్లో ఉన్నాడు.

స్వరాజ్యం వాకిలికి ఇరవై రెండు రోజులు పట్టింది. మాధవీలత మళ్లీ యంత్రంతో వచ్చి చూస్తే అడుగు నేలలో మూడు వందల లోపే ఉంది. పైన ఎర్రమట్టి పోశారు. సక్కుబాయిది మే ఇరవైకి అయింది. మిగిలిన పది రోజుల్లో తన వాకిలి సగమే తవ్వగలిగాడు. ముప్పై ఒకటో తారీఖున ఆఖరి ట్రాలీ పోయింది. జూన్ మొదటివారంలో జల్లు పడింది, టిప్పర్లు ఆగిపోయాయి. కార్ఖానా నేలను కూడా ఎర్రమట్టితో నింపి, దిమ్మిసకొట్టి, పునాదులకు సున్నంతో గీతలు గీశారు. వాచ్‌మన్ పని ఏదో సెక్యూరిటీ కంపెనీకి ఇచ్చారు. ఆ రోజు మాధవీలత గేటు దాకా వచ్చింది. ఆమెను విశాఖపట్నంలో వేరే పనికి పంపుతున్నారు.

"మీ వాకిలి సగం మిగిలిపోయింది కదండీ," అంది.

"మాకు చిన్నపిల్లలు లేరు మేడం. ఉంటది తియ్యి."

జులైలో ఒక మధ్యాహ్నం పోచమ్మ వాళ్ల గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. శంషాబాద్ మనిషి మాట మార్చాడని, ఆ బేరం పోయిందని చెప్పింది. అది చెప్పడానికి రాలేదని ఇద్దరికీ అర్థమైంది.

"పెద్దబిడ్డకు మూడు నెలల పిల్ల. అల్లునికి దుబాయ్ పనైంది, వీళ్లు ఇగ నా దగ్గర్నే ఉంటరు." కొంగుతో మెడ తుడుచుకుంది. "స్వరాజ్యం మనవరాలి సంగతి విన్న. మా వాకిలి గుడ తీస్తావు మొగులయ్యా? ఆనాడు ఏదో అన్న, మనసుల పెట్టుకోకు."

మొగులయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె మీద కోపం రాలేదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

"తీస్త వదినా. తీసి ఏడ పొయ్యాలె? గేటు బందయింది. చెరువుల పొయ్యమంటవా, ఇంకొకని ఇంటి ముందల పొయ్యమంటవా?"

పోచమ్మ గుమ్మం పక్కన కూర్చుంది. లింగమ్మ ఆమెకు నీళ్లిచ్చింది.

అతను మాధవీలతకు ఫోను చేశాడు. రెండోసారికి ఎత్తింది. వెనక ఏదో మిషను చప్పుడు.

"తీయలేకపోతే కప్పండి," అంది. "మంచి మట్టి ముప్పావు అడుగు మందాన పోసి, నీళ్లు చల్లి గట్టిగా తొక్కించండి. గరిక నాటండి. పిల్లను దాని మీద పాకనివ్వొద్దు. ఇల్లు చీపురుతో ఊడవకుండా రోజూ తడిగుడ్డతో తుడవమనండి. విషం అడుగున ఉంటుంది మొగులయ్య గారూ, పోదు. కానీ పిల్ల నోటికి అందదు."

"ఎన్నేండ్లు గట్ల ఉంటది మేడం?"

"కప్పు చెదరనంత కాలం. ఏటా చూసుకుంటూ ఉండాలి."

మొగులయ్య ఇంటి పక్కన ఎర్రమట్టి కుప్ప ఉంది. తన వాకిట్లో తవ్విన సగం నింపడానికి, తవ్వని సగం కప్పడానికి తుక్కుగూడ నుంచి శేఖర్ పంపిన మట్టి అది. రెండు ట్రాలీలు. వానల్లో ఇక మట్టి దొరకదని శేఖర్ అప్పుడే చెప్పాడు. మొగులయ్య ఆ కుప్పను చూశాడు. అతను దేన్ని చూస్తున్నాడో లింగమ్మకు తెలిసింది.

"మరి మన వాకిలి?" అంది.

"వానలు పోయినంక తెచ్చుకుందాం."

ఆమె గంప తీసుకుని బయటికి నడిచింది.

రెండు రోజులు పట్టింది. లింగమ్మ, పోచమ్మ ఆ ఎర్రమట్టిని గంపలతో పోచమ్మ వాకిటికి మోశారు. స్వరాజ్యం కూడా వచ్చింది, మంజులను అరుగు మీద కూర్చోబెట్టి. పిల్లకు వారం కింద మళ్లీ పరీక్ష చేయిస్తే ఇరవై తొమ్మిది వచ్చింది. ఇంకా ఎక్కువే, కానీ దిగుతోందని డాక్టరు అన్నాడట. మాట కొంచెం తేటపడిందని స్వరాజ్యం చెప్పింది. మొగులయ్య పిల్లను ఏదైనా మాట్లాడమన్నాడు. పిల్ల మొహం పక్కకు తిప్పుకుంది. అతను మట్టిని పారతో చదును చేసుకుంటూ, నీళ్లు చల్లి కాళ్లతో తొక్కుకుంటూ గడప నుంచి ఇంటి గేటు దాకా వచ్చాడు.

రెండోరోజు సాయంత్రం పని అయ్యేసరికి మబ్బు పట్టింది. అతను బోరింగు దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, ఇంటికి పోయి చొక్కా మార్చుకుని కూర్చున్నాడు. వాన మొదలైంది, గట్టిగానే పడింది. కాసేపటికి లేచి, తలమీద సంచి కప్పుకుని పోచమ్మ వాకిటికి పోయాడు. ఎర్రమట్టి కొట్టుకుపోలేదు. గేటు వైపు అంచున మాత్రం జానెడు జారింది. చుట్టూ వెతికి నాలుగు రాళ్లు తెచ్చి అక్కడ అడ్డంగా పేర్చాడు. ఒక రాయి సరిగా నిలవకపోతే దాన్ని ఎడమచేత్తో తిప్పి పెట్టాడు. నిలిచింది. నీళ్లు ఎటు పోతున్నాయో కాసేపు చూసి, ఇంటికి బయల్దేరాడు.